చలికాలంలో కిటికీ ముందు వాలే పిట్టలను చూస్తూ గీయడం ఎలా?

ప్రశ్న: మునగచెట్టు కిటికీ (కూకట్‌పల్లి, హైదరాబాదు), జనవరి 4

అందరికీ నమస్కారం. మోకాలికి శస్త్రచికిత్స జరిగినందువల్ల నవంబరు నుంచి నేను ఇంటి పట్టునే ఉంటున్నాను. మా ఫ్లాటు రెండో అంతస్తులో ఉంది. పడకగది కిటికీ పడమటి వైపు తెరుచుకుంటుంది. ఎదురుగా ఇంకా ఇల్లు కట్టని ఖాళీ స్థలమూ, అందులో కిటికీ ఎత్తు దాటి పెరిగిన మునగచెట్టూ, చెట్టుకు అవతల కరెంటు తీగలూ, వాటి వెనక ఒక పాత డాబా పిట్టగోడా కనబడతాయి. మొదట్లో పొద్దుపోక చూసిన పిట్టల కోసం ఇప్పుడు పొద్దున్నే లేచి ఎదురుచూస్తున్నాను. పికిలిపిట్టలు, గోరింకలు, మునగపూల మీద వాలే తేనెపిట్టలు, తీగల మీద వరసగా కూర్చునే పసిరికలు రోజూ వస్తాయి. పావురాల సంగతి చెప్పనక్కరలేదు.

వీటిని చూస్తూ చూస్తూ గీయాలని బుద్ధి పుట్టింది. ఐదో తరగతి తరువాత బొమ్మ వేసి ఎరుగను. మనవరాలు వాడి వదిలేసిన రూళ్ళ నోటుపుస్తకమూ, ఒక 2బి పెన్సిలూ, అరిగిపోయిన రబ్బరూ పెట్టుకుని మూడు వారాలుగా ప్రయత్నిస్తున్నాను. తల గీయడం పూర్తయ్యేలోపే పిట్ట ఎగిరిపోతోంది. మిగతాది ఊహతో పూర్తి చేస్తే, అది పిట్టలా కాక సంక్రాంతి తిరునాళ్ళలో అమ్మే చెక్కబొమ్మలా తయారవుతోంది. ముఖ్యంగా కాళ్ళు నాకు అంతుపట్టడం లేదు. పిట్ట మోకాళ్ళు వెనక్కి వంగుతాయి కదా, అలాగే గీసినా ఎందుకో వంకాయకు రెండు పుల్లలు గుచ్చినట్టే ఉంటోంది.

ఇంకో రెండు సందేహాలున్నాయి. పిట్టగోడ మీద ఉదయం పూట ఒక నల్లని చిన్న పిట్ట వచ్చి కూర్చుంటుంది. నేను దానిని నల్లంచి అనుకున్నాను, కాని దాని పొట్ట ఇటుక రంగులో ఉంది, తోక క్షణం కూడా నిలకడగా ఉండదు. అలాగే మునగపూల దగ్గరకు వచ్చే తేనెపిట్టల్లో ఒకదానికి కింది భాగమంతా లేత పసుపుగా ఉండి, గొంతు కింద నుంచి పొట్ట దాకా మధ్యలో ఒక్క నల్లని చార మాత్రమే ఉంది. నేను చూసిన చిత్రాల్లో మగది మొత్తం నలుపు, ఆడది మొత్తం పసుపు. నేను చార తప్పుగా గీశానా, లేక పిట్ట నిజంగానే అలా ఉంటుందా?

ఇన్ని తిప్పలు పడే బదులు ఫోనుతో ఫొటో తీసుకుని, దానిని చూసి గీయడం మేలని మా అబ్బాయి అంటున్నాడు. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరని కోరుతున్నాను.

సమాధానం 1: విశ్రాంత డ్రాయింగు మాస్టారు (నెల్లూరు), జనవరి 5

నమస్కారమండీ. ముందుగా ఆ రూళ్ళ పుస్తకాన్ని మనవరాలికి తిరిగి ఇచ్చేయండి. అడ్డగీతల మీద గీసినప్పుడు చెయ్యి తెలియకుండానే వాటికి సమాంతరంగా పోతుంది, మీ పిట్టలన్నీ బల్ల మీద పడుకోబెట్టినట్టు ఉండటానికి సగం కారణం అదే కావచ్చు. గీతలు లేని తెల్లకాగితాలు పాతిక తెచ్చి ఒక అట్టకు క్లిప్పుతో బిగించుకుంటే చాలు. రబ్బరును మాత్రం కొన్నాళ్ళు ఎవరికైనా దాచమని ఇవ్వండి.

కాగితం మీద ఒకే పిట్టను గీయాలనుకోవద్దు. ఒక్కో కాగితం మీద ఏడెనిమిది బొమ్మలు మొదలుపెట్టండి, ఏ ఒక్కటీ పూర్తి కాకపోయినా బాధపడకండి. పికిలిపిట్ట కొమ్మ మీద వాలి, అటు తిరిగి, ఇటు తిరిగి, తల కిందికి వంచి, మళ్ళీ మొదటి భంగిమకు వస్తుంది. అది భంగిమ మార్చిన ప్రతిసారీ మీరు కొత్త బొమ్మకు వెళ్ళండి, అది పాత భంగిమకు తిరిగి వచ్చినప్పుడు మీరూ పాత బొమ్మకు తిరిగి వచ్చి ఇంకో రెండు గీతలు కలపండి. ఈ విషయంలో పసిరికపిట్ట మీకు దొరికిన అదృష్టమనే చెప్పాలి. అది తీగ మీద నుంచి ఎగిరి, గాలిలో తూనీగనో తేనెటీగనో పట్టుకుని, చాలాసార్లు లేచిన చోటికే వచ్చి కూర్చుంటుంది, పట్టిన పురుగును తీగకేసి కొట్టి గాని మింగదు. కొడుతున్నంతసేపూ మీ బొమ్మకు సమయం దొరికినట్టే. బొత్తిగా చెయ్యి కుదరనివారు మొదటి వారం పావురాలనే గీయవచ్చు. వాటిని చూస్తే ఎంత విసుగు కలిగినా, పది నిమిషాలు కదలకుండా కూర్చునే పిట్ట అపార్టుమెంట్లలో మరొకటి లేదు.

పిట్ట అనగానే కోడిగుడ్డు ఆకారం గీసి, దానికి చిన్న సున్నా తగిలించమని అందరూ చెబుతారు. నేనూ బడిలో చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. కాని గుడ్డు గీయడానికి ముందు అది ఎటు వాలి ఉందో ఒక్క గీతతో పెట్టుకోవాలి. ముక్కు కింద నుంచి తోక చివరి దాకా పోయే గీత అది. నేల మీద నడిచే గోరింకకు ఆ గీత దాదాపు అడ్డంగా ఉంటుంది, తీగ మీద కూర్చున్న పసిరికకు నిలువుకు దగ్గరగా ఉంటుంది. ఆ ఒక్క గీత సరిగ్గా పడితే పిట్ట ఎగిరిపోయినా మీ దగ్గర సగం మిగిలినట్టే. అది తప్పితే మాత్రం ఈకలు ఎంత ఓపికగా దిద్దినా ప్రయోజనం ఉండదు.

కాళ్ళ విషయంలో మీరు పడిన పొరపాటు అందరూ పడేదే. మీరు మోకాలు అంటున్నది పిట్టకు చీలమండ. మనకు పాదం నేలకు ఆనుతుంది, పిట్ట మాత్రం వేళ్ళ మీద నిలబడి, పాదాన్ని పైకి ఎత్తి పెట్టుకుంటుంది. అసలు మోకాలు పొట్ట పక్కన ఈకల్లో దాగి ఉంటుంది, అది మన మోకాలి లాగే ముందుకే వంగుతుంది. (మీ మోకాలు త్వరగా కోలుకోవాలని కోరుకుంటూనే ఈ మాట రాస్తున్నాను.) మీరు వెనక్కి వంగే కీలును పొట్టకు అంటించి గీస్తే తొడ భాగం మాయమైపోతుంది, అందుకే పుల్లలు గుచ్చినట్టు కనబడుతోంది. ఇంకొక పరీక్ష కూడా ఉంది. కొమ్మ మీద స్థిమితంగా కూర్చున్న పిట్ట బొమ్మలో, ఒంటి బరువు ఉన్న చోటు నుంచి తాపీమేస్త్రి గోడకు వదిలినట్టు ఒక తూకపు దారం వదలండి. ఆ దారం వేళ్ళ మీదకు దిగాలి. దిగకపోతే మీ పిట్ట ముందుకో వెనక్కో పడిపోతున్నదన్నమాట.

ముడుచుకున్న రెక్కను భుజం మీద మడతపెట్టి వేసుకున్న కండువాగా భావించండి. పైమడతలో పొట్టి ఈకలు, దాని కింది నుంచి వచ్చేవి పొడుగు ఈకలు, వాటి కొసలు తోక మొదలు మీదకు చేరతాయి. ఈ మూడు భాగాల అంచులు గీస్తే చాలు, ఒక్కొక్క ఈకనూ గీస్తే చేప పొలుసుల్లా తయారవుతుంది.

మీ కిటికీ పడమటిది కావడం మంచిదే. ఉదయం ఎండ మీ ఇంటి మీదుగా వెళ్ళి పిట్టల మీద పడుతుంది కనుక రంగులూ, ఒంటి గుండ్రదనమూ స్పష్టంగా తెలుస్తాయి. మూడు గంటలు దాటాక అవే పిట్టలు వెలుగుకు అడ్డంగా నల్లని నీడల్లా కనబడతాయి, అప్పుడు లోపలి వివరాల జోలికి పోకుండా సిరాతో బయటి ఆకారం మాత్రమే నింపండి. దోమల జాలీ లోంచి చూస్తే అన్నీ బూడిద రంగుకు తిరుగుతాయి కాబట్టి ఆ కాసేపు దానిని పక్కకు జరపండి. కిటికీకి మరీ ఆనుకోకుండా మూడు అడుగులు వెనక్కి, గదిలో దీపం ఆర్పి కూర్చోండి.

ఫొటో చూసి గీయడానికి నేను ఒప్పుకోను. ఫొటోలో దొరికేది పిట్ట ఒక్క క్షణపు రూపం, అది చాలాసార్లు ఆ పిట్టకు సహజం కాని భంగిమ. పైగా ఫోను జూము చేస్తే అంచులు చెదిరిపోతాయి, ఆ చెదిరిన అంచులనే మీరు శ్రద్ధగా నకలు చేస్తారు.

సమాధానం 2: చెరువుగట్టు (హనుమకొండ), జనవరి 7

మాస్టారి సలహాలన్నీ విలువైనవే కాని, ఫొటో విషయంలో కొంచెం కఠినంగా ఉన్నారని నా అభిప్రాయం. నాకు బొమ్మలు రావు. ఇరవై ఏళ్ళుగా పిట్టలను చూస్తూ, చూసినవాటిని ఈబర్డ్ అనే వెబ్‌సైటులో నమోదు చేస్తూ ఉంటాను. గీయడం పూర్తయ్యాక, మీరు చూసింది ఏ పిట్టో తేల్చుకోవడానికి ఫొటో బాగా ఉపయోగపడుతుంది. చూసి గీయడానికి కాకుండా, గీసినదాన్ని సరిచూసుకోవడానికి వాడండి.

మీ పిట్టగోడ మీది అతిథి నల్లంచి కాదు, దానిని ఇంగ్లీషులో బ్లాక్ రెడ్‌స్టార్ట్ అంటారు. హిమాలయాల్లోనూ, మధ్య ఆసియా కొండ ప్రాంతాల్లోనూ పిల్లలను పెంచుకుని, చలికాలానికి మన వైపు వచ్చి, ఎండలు ముదిరేలోపు తిరిగి వెళ్ళిపోతుంది. 19వ శతాబ్దంలో మాస్టారి ఊరు నెల్లూరులోనే ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్, పక్షులకు మన జనం పిలిచే పేర్లు కూడా సేకరించి రాసి పెట్టాడు. ఈ పిట్టకు ఆయన నమోదు చేసిన తెలుగు పేరు నూనెబుడ్డిగాడు. మగదాని ఒంటి మసినలుపు చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో ఊహించుకోవచ్చు.

ఈ రెండింటినీ వేరుచేయడానికి రంగు కంటే మాస్టారు చెప్పిన భంగిమ గీతే ఎక్కువ పనికొస్తుంది. నల్లంచి తోకను వీపు మీదకు నిక్కబొడిచి పెడుతుంది, తోక కింద మాత్రమే ఎరుపు కనబడుతుంది, మగదానికి రెక్క మీద తెల్లని మచ్చ కూడా ఉంటుంది. నూనెబుడ్డిగాడు తోకను నిక్కించదు. ఒకసారి ఒళ్ళు వంచి లేచి, తోకను చలిజ్వరం వచ్చినట్టు వణికిస్తుంది. పొట్టంతా, తోకలో చాలా భాగమూ ఇటుక రంగే. ఆడది మట్టిరంగులో ఉంటుంది కాని, తోక రంగూ ఆ వణుకూ దానికీ ఉంటాయి.

తేనెపిట్ట గొంతు కింది చారను మీరు సరిగ్గానే గీశారు. ఊదా తేనెపిట్టల్లో మగది, గూళ్ళు పెట్టే కాలం ముగిశాక తన మెరిసే నల్లని ఈకలను రాల్చి, ఆడదాని లాంటి లేత పసుపు వేషంలోకి మారుతుంది, మగదని చెప్పడానికి ఆ నడిమి చార ఒక్కటే మిగులుతుంది. చలికాలం గడిచేకొద్దీ కొత్త నల్ల ఈకలు అక్కడక్కడ మచ్చలుగా మొలుచుకొస్తాయి. వారానికొకసారి ఆ ఒక్క పిట్టనే గీసి, పక్కన తేదీ వేసుకోండి. పసుపులోంచి నలుపులోకి మారే క్రమం మొత్తం మీ కాగితాల మీద ఉంటుంది. ఇది ఫొటోల్లో కంటే బొమ్మల్లోనే బాగా తెలుస్తుందని ఒప్పుకుంటాను.

పిట్టలను దగ్గరికి రప్పించాలని గింజలు మాత్రం చల్లవద్దు. హైదరాబాదులో గింజలు వేస్తే వచ్చేవి పావురాలే, వాటి రెట్ట ఎండి పొడిగా గాలిలో కలిస్తే కొందరి ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని జరుగుతుంది. దానికి బదులు వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ళ లోతున నీళ్ళు పోసి, మధ్యలో ఒక రాయి పెట్టి, రోజూ కడిగి మార్చండి. పికిలిపిట్ట స్నానం చేయడం చూశాక ఎంత చెయ్యి తిరగనివారికైనా గీయాలనే అనిపిస్తుంది.

మీ తీగల మీద ఎప్పుడైనా పాలపిట్ట వాలితే ఒక్క మాట గుర్తుంచుకోండి. దసరా నాడు మనం వెతికి చూసే ఆ నీలం అంతా రెక్కలు విప్పినప్పటి వైభవం, కూర్చుని ఉన్నప్పుడు దాని రొమ్మూ వీపూ మట్టిరంగులోనే ఉంటాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి కదా అని కూర్చున్న పిట్టకు నిలువెల్లా నీలం పులమకండి.

సమాధానం 3: మంచు వాకిలి (న్యూజెర్సీ), జనవరి 8

మాది విజయనగరం, పదకొండేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇక్కడ డిసెంబరు నుంచి మార్చి దాకా కిటికీ లోంచి తప్ప బయట నిలబడి గీసే అవకాశం తక్కువ కాబట్టి, మీ ప్రశ్న చదివి నా మాటే చదివినట్టు అనిపించింది.

గింజల విషయం ఇక్కడ వేరు. పెరటిలో పొద్దుతిరుగుడు గింజల డబ్బా వేలాడదీయడం సర్వసాధారణం. దానికి వచ్చే చికడీ అనే నల్లటోపీ పిట్ట ఒకే ఒక్క గింజను ముక్కున కరచుకుని, కొమ్మ మీదకు పోయి, కాళ్ళ కింద అదిమిపట్టి పొడుచుకుని తింటుంది. డబ్బా దగ్గర అది ఉండేది రెండు క్షణాలే. నేను మొదటి ఏడాదంతా ఆ రెండు క్షణాల వెంటపడి విసిగిపోయాను. తరువాత డబ్బాను వదిలేసి, అది కూర్చుని తినే కొమ్మ వైపు కుర్చీ తిప్పుకున్నాను. మీరు కూడా తేనెపిట్ట పూల మీద ఆడే చోటు కాకుండా, మధ్య మధ్యలో వెళ్ళి ముక్కు రుద్దుకునే కొమ్మ ఏదో కనిపెట్టండి.

చలి వల్ల పిట్ట ఆకారమే మారిపోతుందన్న సంగతి ఇక్కడికి వచ్చాకే నాకు తెలిసింది. ఈకలను పొంగించి వాటి మధ్య గాలిని నిలుపుకుంటే ఒంటి వేడి బయటికి పోదు. అందువల్ల తెల్లవారుజామున బంతిలా, మెడ లేనట్టు కూర్చున్న పిట్టే ఎండెక్కాక సన్నగా, పొడుగ్గా కనబడుతుంది. మొదట్లో రెండు జాతులని పొరపడి వేర్వేరు పేజీల్లో గీసుకున్నాను. హైదరాబాదు చలికి ఇంత తేడా ఉండకపోయినా, జనవరి ఉదయాల్లో తీగ మీద ఒకదానికొకటి ఒరుసుకుని కూర్చునే పసిరికల్లో మీరూ గమనించవచ్చు. బొమ్మ పక్కన గంట కూడా రాసుకోండి.

ఇంకొకటి, మంచు కురిసిన రోజున నీడలు తలకిందులవుతాయి. నేల మీది తెలుపు కింది నుంచి వెలుగు కొడుతుంది కనుక, జుంకో అనే బూడిదరంగు పిట్టకు పొట్ట కింద నీడ వేస్తే అబద్ధంగా ఉంటుంది. మీకు మంచు లేదు గాని, కొత్తగా సున్నం వేసిన పిట్టగోడ ఉంటే అదే పని కొంత చేస్తుంది.

ఆ నీటి మూకుడును మాత్రం కిటికీ అద్దానికి మూడు అడుగుల లోపునే ఉంచండి. కాస్త దూరం నుంచి వేగంగా లేచిన పిట్ట అద్దంలో ఆకాశపు ప్రతిబింబాన్ని చూసి గుద్దుకుంటుంది, దగ్గర నుంచి లేచినదానికి అంత వేగం రాదు.

మునగచెట్టు కిటికీ (కూకట్‌పల్లి), జనవరి 19

అందరికీ కృతజ్ఞతలు. పండుగ మూడు రోజులూ గాలిపటాల గోలకు తీగల మీద ఒక్క పసిరికా వాలలేదు, ఇప్పటికీ రెండు తీగలకు మాంజా దారం చుట్టుకుని వేలాడుతోంది. కరెంటు సిబ్బందికి చెప్పి తీయించమని మా అబ్బాయిని పురమాయించాను. పిట్టగోడకు మాత్రం నూనెబుడ్డిగాడు రోజూ ఏడున్నరకు వస్తున్నాడు.

తెల్లకాగితాలు పద్నాలుగు అయ్యాయి. మాస్టారు చెప్పిన దారం పరీక్ష పెడితే నా పాత బొమ్మల్లో ఒక్క గోరింక కూడా నిలబడలేదు, అన్నీ ముక్కు మీద పడేవే. చీలమండను కిందికి దించి, పొట్ట పక్కన తొడ ఉబ్బు కొంచెం చూపించాక వంకాయ రూపం పోయింది. తేనెపిట్టకు చారకు ఎడమ వైపున కొత్తగా ఒక నల్ల మచ్చ కనబడింది, తేదీ వేసి గీశాను. అది ముక్కు రుద్దుకునే కొమ్మ కూడా దొరికింది. ఎండిన మునగకాయ వేలాడుతున్న రెమ్మ అది, ఈ ఉదయం నేను చూస్తుండగానే మూడుసార్లు అక్కడికి వచ్చింది.

నూనెబుడ్డిగాడి తోకే లొంగడం లేదు. వణుకుతున్న తోకకు అంచు ఎక్కడ పెట్టాలో తెలియక, మూడు లేత గీతలు వేసి వదిలేస్తున్నాను. ఇంకొక సందేహం: పిట్ట గోడ అంచుకు కాస్త లోపలగా కూర్చుంటుంది కాబట్టి దాని వేళ్ళు నాకు కనబడవు. ఊహించి గీయాలా, వదిలేయాలా?

విశ్రాంత డ్రాయింగు మాస్టారు (నెల్లూరు), జనవరి 19

వదిలేయండి. కాళ్ళను గోడ అంచు దాకా తెచ్చి ఆపి, ఆ అంచు గీతను మాత్రం పెన్సిలు నొక్కి గట్టిగా వేయండి, వేళ్ళు దాని వెనక ఉన్నాయని చూసేవారికి తెలుస్తుంది. తోకకు మీరు వేస్తున్న మూడు లేత గీతలనూ అలాగే ఉంచండి, దిద్దవద్దు. వీలైతే ఆ కాగితాన్ని ఇక్కడ పెట్టండి, చూడాలని ఉంది.